రక్తం చిట్టీ

పోయినవి ముందు రాస్తాను.

పళ్లు నాలుగు, ఎడమ వైపు కింది దవడవి. జడ ఒకటి, ఇరవై ఏడు అంగుళాలు. రాలడం మొదలయ్యాక కొలిచాను కాబట్టి అర అంగుళం అటూ ఇటూ ఉండొచ్చు. బరువు పదమూడు కిలోలు, అందులో తొమ్మిది తిరిగి వచ్చాయి. కనుబొమలు రెండు. రెండూ మళ్లీ మొలిచాయి గనక కొట్టేశాను. ఉద్యోగం ఒకటి. ఆస్పత్రిలో నూట నలభై రెండు రోజులు. నేను చేయకుండా వదిలేసిన చీరలు సుమారు మూడు వేలు. మా చెల్లె మొక్కిన మొక్కులు పదహారు. వాటిలో ఎన్ని తీర్చిందో తనకే తెలియాలి, అవి నా పుస్తకంలో లేవు. డబ్బు కూడా పోయింది. అయితే ఆస్పత్రి ఖర్చులో ఎక్కువ భాగం సర్కారు కార్డు మోసింది, మిగిలింది మా ఆయనా మరిదీ కలిసి ఎప్పుడో తీర్చేశారు. కాబట్టి ఇది డబ్బు లెక్క కాదు.

నేను చదివింది ఐదో తరగతి. లెక్కలు సూరత్ వచ్చాక సొంతంగా నేర్చుకున్నాను. ఇక్కడ నవాగామ్‌లో మా గల్లీలో మగవాళ్లు పవర్‌లూమ్ కార్ఖానాల్లో పన్నెండు గంటల షిఫ్టు చేస్తారు. ఆడవాళ్లం ఇళ్లలో ధాగా కటింగ్ చేస్తాం. అంటే ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలను కత్తిరించి శుభ్రం చేయడం. టెంపోలో వచ్చిన మూటలు దించుకుని, ఇంటింటికీ పంచి, మళ్లీ లెక్క చూసి సేటుకు పంపేది నేనే. పదమూడేళ్లలో ఒక్క చీర తేడా రాలేదు. ఆ నమ్మకంతోనే గల్లీవాళ్లు నా చేత చిట్టీ నడిపిస్తున్నారు. నెలనెలా అందరూ వేస్తారు, నెలకొకరు ఎత్తుకుంటారు. మొదటి చిట్టీ నడిపేవాళ్లది. ఎత్తుకున్నవాళ్లు చివరి నెల దాకా కడుతూనే ఉండాలి. భార్యాభర్తలు విడిపోయిన ఇళ్లు మా గల్లీలో రెండున్నాయి గాని, చిట్టీ తప్పిన ఇల్లు ఒక్కటీ లేదు.

ఇదంతా మా చెల్లె కూతురి సంగతి. అప్పుడు దానికి ఇరవై రెండేళ్లు. పుట్టింది, పెరిగింది ఇక్కడే. రింగ్‌రోడ్డు మీద చీరల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొట్టేది. నాతో తెలుగులో, దోస్తులతో హిందీలో, దుకాణంలో గుజరాతీలో మాట్లాడుతుంది. కోపమొస్తే మూడూ కలుపుతుంది.

మొదట ఒక దంతం ఊగింది. పళ్ల డాక్టరు పీకేశాడు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే దాని పక్కది ఊగింది. అదీ పీకించుకుంది. ఇరవై రోజుల్లో నాలుగు పీకించుకుంది గాని బుగ్గ వాపు తగ్గలేదు. నేను దర్జీ టేపు తీసుకుని చెవి కింది నుంచి గడ్డం దాకా కొలిచాను. నాలుగున్నర అంగుళాలు. వారానికి ఐదు. ఇంకో వారానికి ఐదూ ముప్పావు.

"పెద్దమ్మా, నేనేమన్న జాకెట్ ముక్కనా? పొద్దుగాల్నే టేపు పట్టుకొస్తవ్."

"కదలకు. లెక్క తప్పుతది."

ఆ నెలలోనే రొమ్ములో గడ్డ తగిలింది. ఆడవాళ్ల డాక్టరు చూసి, ఈ వయసులో ఇలాంటివి మామూలే, మూడు నెలలు ఆగి చూద్దామంది. తర్వాత కడుపు ఉబ్బింది. గ్యాసు మందు ఇచ్చారు. ఇంట్లో గోడకు మూడు మేకులు, మేకుకొక సంచి, సంచిలో ఒక డాక్టరు కాగితాలు. పళ్ల డాక్టరు రొమ్ము సంగతి అడగలేదు. అడిగితే మేమే దెబ్బలాడేవాళ్లమేమో. కడుపు డాక్టరు నోరు తెరవమనలేదు. వాళ్ల తప్పని అనను. ఎవరి మూట వాళ్లు చూశారు, మొత్తం కూడే మనిషి లేదు.

ఆ పని నాకు వచ్చు. ఒకే రోజు మూడు ఇళ్ల నుంచి మరక పడ్డ చీరలు వస్తే ఆ ముగ్గురు ఆడవాళ్లనూ తిట్టను. మూటలు తెచ్చిన టెంపోలో నూనె కారిందేమో చూస్తాను. మూడు సంచులూ నేల మీద కుమ్మరించి తేదీలన్నీ ఒకే కాగితం మీదికి ఎక్కించాను. పన్ను ఊగింది, గడ్డ తగిలింది, కడుపు ఉబ్బింది: అన్నీ ముప్పై ఎనిమిది రోజుల్లో. పక్కనే టేపు కొలతలు వేశాను. పెరిగే తీరు చూసి ముందుకు లెక్క కట్టాను. ఆ లెక్క ప్రకారం దీపావళికి దాని బుగ్గ మా గల్లీ అంత అవుతుంది. అలా కాదని నాకూ తెలుసు. కాని లెక్క తప్పు లేదు, మూడుసార్లు చూశాను.

ఆ కాగితం పట్టుకుని పెద్దాస్పత్రికి పోయాం. అక్కడి డాక్టరమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ఎవరు రాశారని హిందీలో అడిగింది. పిల్ల నా వైపు చూపించి, "ఈమెకు మనిషి కనిపిస్తే టేపు తీసుడు అలవాటు" అని హిందీలోనే చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ రోజే చేర్చుకుంది. బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

వారం తిరక్కముందే పిలిచి చెప్పింది. లింఫోమా, క్యాన్సర్లలో ఒక రకం. మామూలుగా మెడలోనో చంకలోనో గడ్డగా బయటపడుతుందట. ఈ పిల్లకు దవడలోనూ రొమ్ములోనూ అండాశయాల్లోనూ దిగింది.

"మంచి సంగతి ఏమిటంటే" అంది డాక్టరమ్మ, "ఇది చాలా దూకుడుగా పెరిగే రకం."

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"మంచిదనే అంటున్నదా అక్కా?" అని చెల్లె నా చెవిలో అడిగింది.

"గట్లనే అంటున్నది."

"మరి చెడ్డదైతే ఎట్లుంటుండె?"

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. వేగంగా పెరిగేది మందుకు వేగంగా చస్తుంది. బతికించే అవకాశం గట్టిగా ఉంది. కాని ఆలస్యం చేయకూడదు, మందు చాలా బలమైనది, ఒంట్లో రక్తం పడిపోతుంది. ఆ చివరి మాట మీద మాకు అప్పుడు ధ్యాస లేదు.

మందు ఎక్కిన మూడో రోజుకు బుగ్గ నాలుగూ ముప్పావుకు దిగింది. కరిగిన గడ్డల చెత్తంతా మూత్రపిండాల మీద పడకుండా ఒంటికి నీళ్లు ఎక్కించారు. మూత్రం ఎంత పోస్తుందో కొలిచి రాయమన్నారు. అలాంటి పని నాకు ఇచ్చి చెడగొట్టారు. గంట గంటకూ గీతల డబ్బా వెలుతురుకు పట్టుకుని చూసేదాన్ని. ఒక పూట మూడు గంటలు ఏమీ రాలేదు. చెల్లె పదకొండో మొక్కు మొక్కింది. నాలుగో గంటకు నాలుగు వందల ఇరవై వచ్చింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. పక్క మంచం ఆమె మా ఇంట్లో పెళ్లి కుదిరిందా అని గుజరాతీలో అడిగిందట. పిల్ల తర్వాత చెప్పింది.

అప్పుడు రక్తం పడిపోయింది. ఎర్ర రక్తమూ కావాలి, ప్లేట్‌లెట్లూ కావాలి. ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో అర్జంటుగా ముందు ఇస్తారు, ఇచ్చినంత రాసుకుంటారు. ఒక్కో దానికి బదులు ఒక మనిషి వచ్చి రక్తం ఇవ్వాలి, ఏ గ్రూపైనా ఫరవాలేదు. అవి సంచులే గాని గల్లీలో అందరూ బాటిల్ అనే అంటారు. నేనూ అలాగే రాసుకున్నాను. మొదటి వారం ఆరు బాటిళ్లు ఎక్కాయి. మా ఆయనా, పిల్ల తండ్రి మా మరిదీ కలిసి రెండు ఇచ్చారు. కౌంటరు మీది మనిషి రోజూ నన్ను చూసి నాలుగు వేళ్లు ఎత్తేవాడు.

గల్లీలో అడిగాను. అందరికీ పిల్ల మీద ప్రేమే. ఒకరు కన్నీళ్లు పెట్టుకున్నారు, ఒకరు నిమ్మకాయ తిప్పారు. రక్తం మాట ఎత్తేసరికి మగవాళ్లంతా షిఫ్టుకు టైమైందన్నారు, షిఫ్టు లేనివాళ్లు కూడా.

"బాటిల్ రక్తం పోతే బాటిల్ బలం పోతది. పన్నెండు గంటలు మగ్గాల నడుమ ఎట్ల నిలబడాలె చెప్పు వదినా?"

చందా అడిగితే తలుపు మూసుకునే గల్లీ, చిట్టీ అంటే తలుపు తీస్తుంది. ఇది నాకు పదమూడేళ్లుగా తెలిసిన లెక్క. కొత్త నోటు పుస్తకం కొని అట్ట మీద "రక్తం చిట్టీ" అని రాశాను. మెంబరుకు ఒక బాటిల్, మూడు నెలలకోసారి. మొదటి చిట్టీ ఆచారం ప్రకారం నాది. తర్వాత ఎవరింట్లో అవసరమొస్తే వాళ్లు ఎత్తుకుంటారు, అప్పుడు మా ఇంటివాళ్లం కడతాం. దానం అన్నప్పుడు ఒక్కరూ రాలేదు. చిట్టీ అనగానే ఇరవై నాలుగు పేర్లు పడ్డాయి. రెండు పేర్లు పెట్టుకుంటానని ఒకాయన వచ్చాడు. మనిషి ఒక్కడే కదా అంటే, "ఒకటి బామ్మర్ది పేరు మీద" అన్నాడు.

కార్ఖానా సెలవు రోజున సేటు చీరల టెంపోలోనే అందర్నీ ఎక్కించి తీసుకుపోయాను. మా గల్లీ చివర ఉండే కాక అందరికన్నా ముందు ఎక్కాడు. యాభై ఐదేళ్లు, నూలు కండె లాగా సన్నని మనిషి. రక్తం ఇవ్వాలంటే కనీసం నలభై ఐదు కిలోలు ఉండాలని ముందే చెప్పాను. కాక బరువు మిషను ఎక్కాడు. నలభై ఐదూ పాయింట్ నాలుగు. నర్సు ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది.

"కాకా, ఖిస్సామా శూ ఛే?"

జేబులో ఏముందని అడిగింది. కాక ముందు అర్థం కానట్టు నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు. మగ్గం నట్లు, బోల్టులు, ఒక చిన్న పళ్ల చక్రం. మళ్లీ ఎక్కితే నలభై మూడూ పాయింట్ రెండు.

టెంపో దగ్గర నన్ను పట్టుకున్నాడు. "నా పేరు ముంగట కట్టినట్టు రాయి బిడ్డా."

"కట్టలేదు గదా కాకా."

"నేను ఇస్తనన్న. ఆమె తీసుకోనన్నది. నువ్వు చిట్టీ పైసలు తీసుకోకపోతే నేను ఎగ్గొట్టినట్టా?"

దీనికి నా పుస్తకంలో గడి లేదు. "హాజరు" అని కొత్త గడి గీశాను.

ఆ రోజు తొమ్మిది మంది వెనక్కి వచ్చారు. నలుగురు బరువు తక్కువ, ముగ్గురికి రక్తం పలచన, ఒకరికి బీపీ, ఒకరు ముందు రోజు తాగిన వాసన. పదిహేను మంది కట్టారు. పదహారోదాన్ని నేనే అవుదామని వేలు చాపాను. హిమోగ్లోబిన్ తొమ్మిదీ పాయింట్ ఆరు. కావలసింది పన్నెండున్నర. "చిట్టీ నడిపేటామె దగ్గర్నే మాల్ లేదు" అని టెంపోలో ఇంటి దాకా నవ్వారు.

మూడు కోర్సులు గడిచాయి. కోర్సుకూ కోర్సుకూ మధ్య పిల్ల కొన్ని రోజులు ఇంటికి వచ్చేది. నోటి పుండ్లు మానిన రోజున విపరీతంగా ఆకలి వేసేది. అలా ఒక రోజు గడప దగ్గర కూర్చుని కోడి కూర తింటుంటే ఎదురింటి వదిన చూసింది. ఆమె మాంసం ముట్టదు, గురువారాలు ఉపవాసం. రక్తం కట్టిన ఇద్దరు ఆడవాళ్లలో ఆమె ఒకతె.

"నా రక్తం ఎక్కించుకొని కోడి ఎట్ల తింటున్నవే?"

పిల్ల బొమిక తీసి పక్కన పెట్టింది. "అత్తా, ఆకలి నీ రక్తానికే అయితుంది. పాపం, ఎన్నేండ్ల సంది ఆగిందో."

గల్లీ అంతా నవ్వింది. అక్కడితో ఊరుకోవాల్సింది. కాని నేను తప్పు లెక్క వింటూ కూర్చోలేను. "వదినా, దీనికెక్కింది నీ బాటిల్ కాదు. నీ గ్రూపు వేరు. నీది ఇంకెవరికో పోయింది" అన్నాను.

నవ్వు ఆగిపోయింది.

"ఇంకెవరికి?"

"నాకేం తెలుసు? బ్యాంకుల వేసిండ్రు."

"అంటే మేం నీ చిట్టీల కడితే నువ్వు వేరేటోళ్ల చిట్టీల కట్టినవా?"

సాయంత్రానికి ఇరవై నాలుగు ఇళ్లూ మా గడప ముందున్నాయి. మగ్గాల మోతలో పనిచేసేవాళ్లు మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది, ఆ రోజు నిజంగానే అరిచారు. మా రక్తం బయట అమ్మిందన్నారు. కమీషన్ ఎంత అన్నారు. నేను పుస్తకం తెరిచి చూపిస్తే, అందులో తమ పేరు పక్కన పిల్ల పేరు లేదేమని అడిగారు. నాలుగు రోజుల్లో నాలుగో కోర్సు. ఆ మందు తర్వాత ప్లేట్‌లెట్లు ఎంత దిగుతాయో నా దగ్గర మూడుసార్ల అంకెలు ఉన్నాయి. ఈ ఇరవై నాలుగు మంది కదలకపోతే కౌంటరు ముందు నేను ఒక్కదాన్నే, తొమ్మిదీ పాయింట్ ఆరుతో. లోపల పిల్ల మంచం మీద పడుకుని అన్నీ వింటోంది.

కాక జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"పోయిన సారి నువ్వు చిట్టీ ఎత్తుకున్నవ్ గదా చెల్లె" అని ఎదురింటి వదినను అడిగాడు. "అండ్ల నువ్వు కట్టిన నోట్లే నీకు మళ్ల వచ్చినయా?"

"అదెట్ల వస్తయ్?"

"మరి నోట్ల నంబర్లు చూసి కొట్లాడినవా?"

"నోటు వేరు, రక్తం వేరు అన్నా."

"నా దగ్గర రెండూ తక్కువనే. అందుకే నాకు ఎరుక. ఏడికి పోయినా లెక్కకు వస్తే చాలు."

వెనక నుంచి ఎవరో, "మరి ఈసారి టెంపో ఎన్ని గంటలకు?" అని అడిగారు. నేను పుస్తకం మూసి తొమ్మిదింటికి అన్నాను. రెండో విడతలో పదమూడు మంది కట్టారు. ఎదురింటి వదిన కట్టలేదు. కట్టలేదంటే, ఆడవాళ్లకు నాలుగు నెలలు నిండాలి, ఆమెకు ఇంకా పద్దెనిమిది రోజులు తక్కువని పంపేశారు. ఆమె నర్సుతో గంట సేపు దెబ్బలాడింది. "హాజరు" గడిలో రాశాను.

ఆరు కోర్సులు అయ్యాయి. స్కానింగులో దవడ, రొమ్ము, కడుపు అన్నీ శుభ్రం. డాక్టరమ్మ నా మొదటి కాగితం ఫైలులోంచి తీసి, కింద "పూర్తి" అని రాయనా అని అడిగింది. ఐదేళ్లు కానివ్వమన్నాను. ఆమె ఒప్పుకుంది.

చిట్టీ మాత్రం పూర్తి కాలేదు. ఒక రోజు కార్ఖానా మాస్టరు వచ్చి కూర్చున్నాడు. పుస్తకంలో ఆయనది రెండో నంబరు.

"నా నంబరు వచ్చింది. నేను ఎత్తుకుంట."

"ఏమైందన్నా?"

"ఏం కాలే. మంచిగున్న."

"మరి రక్తం ఎందుకు?"

"మంచిగుంటే నా చిట్టీ మునిగినట్టేనా? రెండుసార్లు కట్టిన. ఊరికెనే వదులుకోవాల్నా?"

భివండీలో తన బావమరిదికి ఏదో ఆపరేషను ఉందని, తన చిట్టీ అక్కడికి బదిలీ చేయమని అడిగాడు. ఫోను చేసి కనుక్కుంటే అది మూలశంక, రక్తం అక్కర్లేదన్నారు. మాస్టరు చాలా నొచ్చుకున్నాడు. "మా ఖాందాన్‌ల ఎవ్వనికీ సక్కంగ రోగం కూడ రాదు" అంటూ లేచి వెళ్లాడు.

నిజంగా ఎత్తుకున్నవాళ్లు ఇద్దరే. ఒక ఇంట్లో కాన్పుకు రెండు బాటిళ్లు. కార్ఖానాలో మగ్గం తిప్పే పట్టాకు చెయ్యి చిక్కిన ఒకాయనకు మూడు. ఆ ఐదూ మా ఆయనా మరిదీ వంతులేసుకుని కట్టారు.

మందు ఆగి ఏడాది నిండాక పిల్ల ఒక ఉదయం కొత్త కృత్రిమ పళ్లు పెట్టుకుని, వేరే దుకాణంలో దొరికిన కొత్త పనికి అర పూట సెలవు పెట్టి, నన్ను బ్లడ్ బ్యాంకుకు రమ్మంది.

"ఎత్తుకున్నది నేను. కట్టేది కూడ నేనే. బరువు యాభై ఒకటి, హిమోగ్లోబిన్ పదమూడు. నీకన్న నయం."

ఫారం నింపింది. జబ్బుల గడిలో నిజమే రాసింది. నర్సు చదివి, పెన్ను కింద పెట్టి, మెల్లగా చెప్పింది: ఈ జబ్బు వచ్చిపోయినవాళ్లు రక్తం ఇవ్వకూడదు. ఎన్నేళ్లకు ఇవ్వొచ్చని పిల్ల అడిగింది. ఎన్నేళ్లకూ కాదంది నర్సు. పిల్ల మళ్లీ అడిగింది, ఈసారి గుజరాతీలో, భాష మారిస్తే జవాబు మారుతుందేమోనని. మారలేదు.

బయట మెట్ల మీద కూర్చుంది. జబ్బు పేరు చెప్పిన రోజు ఏడవలేదు, జడ పోయిన రోజు ఏడవలేదు. అక్కడ ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "పెద్దమ్మా, జిందగీ అంతా నన్ను ఎగవేతదారును చేసిండ్రు" అంది.

"చిట్టీ నా పేరు మీదుంది. నీకేం సంబంధం?" అన్నాను.

అందుకని ఇప్పుడు నేను రోజూ ఐరన్ మాత్ర, బెల్లం, తోటకూర తింటున్నాను. తొమ్మిదీ పాయింట్ ఆరు నుంచి పదీ పాయింట్ నాలుగు, పదకొండూ పాయింట్ ఒకటి, పదకొండూ పాయింట్ తొమ్మిది. పోయిన నెల పన్నెండూ పాయింట్ రెండు. ఆడవాళ్లు ఏడాదికి మూడు ఇవ్వొచ్చు. నాకు నలభై తొమ్మిది. వయసు హద్దు లోపలే సరిపోతుంది, లెక్క కట్టాను.

ఇచ్చే దారి నాకు కనిపిస్తోంది గాని పుచ్చుకునే మనిషి రాకూడదు. గల్లీలో ఎవరైనా దగ్గితే ముందు వాళ్లెవరో చూస్తాను, తర్వాత పుస్తకంలో వాళ్ల గడి చూస్తాను, తర్వాత ఏమీ కాకూడదని దండం పెట్టుకుంటాను. బాకీ తీరకూడదని మొక్కే బాకీదారు నేను ఒక్కదాన్నే అయ్యుంటాను. గల్లీ కట్టింది ఇరవై ఎనిమిది. తిరిగి ఇచ్చింది ఐదు.

ఈ రోజుకు బాకీ ఇరవై మూడు బాటిళ్లు.